విప్పకూడని చీటీ

పదిహేడేళ్లుగా ఒక కాగితం ముక్క బరువు మోస్తున్నాను. పొడవు ఎనిమిది సెంటీమీటర్లు, వెడల్పు మూడు. నేనే స్కేలు పెట్టి గీసి కోశాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను. అది ఇప్పుడెక్కడ ఉందంటారా? నా కడుపులోకి పోయింది. అలంకారానికి అనడం లేదు. నమిలి మింగాను.

నవ్వొస్తే నవ్వండి. ముఖం ముడుచుకుని వినేవాళ్ల కన్నా నవ్వే మనిషికి చెప్పుకోవడం నాకు సులువు.

నా పేరు అడగకండి. మలయ్ దేశంలో, సుంగై సిపుట్ అనే ఊళ్లో ఒక టైల్స్ షాపులో పని చేస్తానని తెలిస్తే చాలు. గది కొలతలు చెప్తే ఎన్ని పలకలు పడతాయో, కోతలో ఎన్ని విరుగుతాయో కాగితం లేకుండా చెప్పేస్తాను. బడి ఆరో తరగతితో ఆగిపోయింది. మిగతా లెక్కలన్నీ పాత పుస్తకాలు తెచ్చుకుని, తప్పుతూ దిద్దుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ‘నీ లెక్క తప్పింది’ అన్న మనిషిని వాడు మరిచిపోడు. ఆ మనిషి చెప్పింది నిజమైతే అసలే మరిచిపోడు.

మా క్రైస్తవ సంఘం చిన్నది. మందుల షాపు మీది మేడగదిలో కూడుకుంటాం. ఆ రోజుల్లో నలభై ఒక్కమందిమి. మా తాతలు ఈ దేశపు రబ్బరు ఎస్టేట్లకు కూలికి వచ్చినవాళ్లు. మా చుట్టాల్లో సగంమంది ఇపోలో గుడికి వెళ్తారు, కానీ మా విందులో చేపల పులుసు ఉందంటే వాళ్లూ మెట్లెక్కుతారు. సంఘాన్ని నడిపించే మా అయ్యగారు రిటైరైన రైల్వే గుమాస్తా. ఆయనకు ఒకటే ధ్యాస, ప్రభువు శిష్యుల నాటి మొదటి సంఘం. ఏ సంగతి వచ్చినా “మొదటి సంఘంవాళ్లు ఏం చేశారు?” అంటారు. ఒకసారి ఫ్యాను పాడైతే ఎవరో “మొదటి సంఘంవాళ్లకి ఫేను ఉండేదా అయ్యగారూ?” అన్నారు. ఆయనే అందరికన్నా ఎక్కువ నవ్వి, మర్నాడే మనిషిని పిలిపించి బాగు చేయించారు.

వాళ్లు కలిసి భోంచేసేవాళ్లు కాబట్టి మేమూ ప్రతి ఆదివారం ప్రేమవిందు చేసుకుంటాం. రొట్టె విరిచే ముందు వాళ్లు తమ తప్పులు ఒకరిముందొకరు ఒప్పుకునేవాళ్లట. మేమూ నెలలో మొదటి ఆదివారం లేచి నిలబడి ఒప్పుకుంటాం. పన్నెండుమంది శిష్యుల్లో ఒక చోటు ఖాళీ అయినప్పుడు వాళ్లు చీట్లు వేసి దేవుణ్ణి అడిగారు. మాకూ ఏదైనా పని ఒకరికి అప్పగించాలంటే చీట్లే.

చీట్ల విషయంలో అయ్యగారు సొంతంగా ఒక నియమం పెట్టారు. వచ్చిన చీటీని చదవాలి. మిగిలినదాన్ని విప్పకూడదు. దేవుడు పక్కన పెట్టిన పేరును మనం పైకి చదివితే ఆ మనిషిని రెండుసార్లు ఓడించినట్టని ఆయన ఉద్దేశం. చీటీలు రాసినవాడే దాన్ని కాల్చేయాలి. ఎంత దయగల నియమమో చూడండి. నేను దొంగలా దూరింది ఆ దయలో ఉన్న సందులోంచే.

ఆ ఏడు బల్ల పనికి మనిషి కావలసి వచ్చింది. ప్రభువు బల్ల మీద రొట్టె, గిన్నె సిద్ధం చేయాలి, వాటిని అందరికీ అందించాలి, ఆ తర్వాత విందు వడ్డన నడిపించాలి. మా దగ్గర దానికన్నా గౌరవమైన పని లేదు. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి రూతమ్మక్క, చిన్నపిల్లల బడిలో ఆయమ్మ. రెండోది అప్పన్నన్న.

అప్పన్నన్న హుటాన్ మెలింటాంగ్ రేవు నుంచి చేపలు తెచ్చే లారీ డ్రైవరు. ఇరవై ఏళ్లు తాగాడు. ఒకరోజు మానేశాడు. ఎందుకని అడిగితే “దేవుడు బ్రేకేసినాడు” అనేవాడు. మొదటి సంఘంలో పశ్చాత్తాపపడ్డవాళ్లు కొన్నాళ్లు గుమ్మం దగ్గర నిలబడేవాళ్లని, లోపలికి వెళ్లేవాళ్లు వాళ్లకోసం ప్రార్థించేవాళ్లని అయ్యగారు ఎప్పుడో చెప్పారు. అది విని, ఎవరూ అడక్కుండానే ఎనిమిది ఆదివారాలు గుమ్మం బయట నిలబడ్డాడు. ఆ తర్వాత తాను నొప్పించిన ప్రతి ఇంటికీ వెళ్లి క్షమాపణ అడిగాడు. మా ఇంటికీ వచ్చాడు. “ఎప్పుడో క్షమించేశాను అన్నా” అని టీ ఇచ్చాను. క్షమించలేదు.

ఏం క్షమించలేదు? చెప్పడానికే సిగ్గుగా ఉంది. మా చుట్టాల పెళ్లిలో అరిటాకులు ఎన్ని తేవాలో లెక్క కట్టింది నేను. పిల్లలను సగం మనుషులుగా కట్టాను. సగం ఆకులో ఎవరు తింటారు? పన్నెండు ఆకులు తక్కువయ్యాయి. అప్పన్నన్న బాగా తాగి ఉన్నాడు. నిండు పందిట్లో నిలబడి, “ఆరో క్లాసు ప్రొఫెసరు లెక్కేసినాడు లా! ఇంక అరిసేతుల్లో తినండర్రా!” అని, ఈ దేశంవాళ్లు మాట చివర తగిలించే ‘లా’తో సహా, అరిచాడు. పెళ్లికూతురు కూడా నవ్వింది. నేనూ నవ్వినట్టు నటించాను.

ఇక చీటీలు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, కొలతలో తేడా రానివ్వనని రాసే పని నాకే ఇచ్చేవారు. శనివారం మధ్యాహ్నం షాపులో అన్నం తిని, కౌంటరు మీద రెండు ముక్కలు కోశాను. ఒకదానిమీద రూతమ్మ అని రాశాను. రెండోది ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం ఇది. మా గిన్నెలో ఉండేది మత్తెక్కించే నిజమైన ద్రాక్షారసం. అతను తాగడం మాని ఎనిమిది నెలలే అయింది. ప్రతి వారం ఆ వాసన అతని ముక్కు కింద పెట్టడం క్షేమమేనా? అతను పడిపోతే సంఘం ఏమవుతుంది? ఇద్దరిలో ఒకరు, అంటే సగానికి సగం. మూడో వంతు పగుళ్లున్న పెట్టెనే నేను షాపులోకి దించనివ్వను, మరి సంఘాన్ని సగం ప్రమాదంలోకి ఎలా నెడతాను? ఇలా ఎంత బాగా లెక్క కట్టానో చూడండి. అందులో దేవుడికి ఎక్కడా చోటు లేదని అప్పుడు గమనించలేదు. ఆయన చేతికి సగం కూడా వదలడానికి నాకు ధైర్యం చాలలేదు. రెండో ముక్కమీద కూడా రూతమ్మ అనే రాశాను. రెండింటినీ ఒకేలా నాలుగు మడతలు పెట్టాను. మోసానికి కూడా కొలత తప్పలేదు.

తర్వాతి నెలలోనే రూతమ్మక్క, పిల్లలు కూడా తీసుకుంటారు కదా అని ద్రాక్షారసం మాన్పించి మామూలు పళ్లరసం పెట్టించింది. నా కారణం మొత్తం ఒక్క సీసాతో పోయింది. పోయాక ఏం మిగిలింది? పన్నెండు అరిటాకులు మిగిలాయి.

ఇక ఆ చీటీలు తీసిన ఆదివారం, ప్రార్థన చేసి అయ్యగారు బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీశారు. రూతమ్మక్క పేరు చదివారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండోది నా చేతికి ఇచ్చారు. వంటగదికి వెళ్తే ఆ రోజే గ్యాసు అయిపోయింది. అగ్గిపెట్టె కనబడలేదు. వెనకనుంచి ఎవరో వస్తున్న చప్పుడైంది. నోట్లో వేసుకున్నాను. బాల్‌పెన్ను సిరా చేదుగా ఉంటుంది.

దిగుతుంటే మెట్ల మీద అప్పన్నన్న ఆపాడు.

“ఒరే తమ్ముడూ, నీకు లెక్కలొచ్చు కదా. ఒకటి సెప్పు.”

“అడుగన్నా.”

“రెండు సీటీలు ఏసినారు. అందులో నా వంతు ఎంత?”

“సగం.”

“సగమంటే సగమేనా? తక్కువేటీ నేదు కదా?”

“సగమే అన్నా.”

“అయితే బాగుంది లా. నాలాటోడికి సున్నాయే ఉంటాదనుకున్నాను. దేవుడు సగం ఇచ్చినాడు. ఇచ్చి, వద్దన్నాడు.” నవ్వాడు. “పోన్లే, ఒక మాట అడిగి వద్దన్నాడు కదా.”

నాకన్నా ఏడేళ్లు పెద్దవాడు, చేపల వాసన వేసే చేతిని నా భుజం మీద వేసి దిగిపోయాడు. అప్పుడే చెప్పి ఉండొచ్చు. నాలుగు మెట్లే దూరం. ఎందుకు చెప్పలేదు? చెప్తే ‘నీ లెక్క తప్పింది’ అని ఇంకోసారి అంటాడేమో అన్న భయమా? అంతేనా?

మరుసటి వారం నుంచి అతను గుమ్మం పక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపల ఖాళీలున్నా వచ్చేవాడు కాదు. విందు అయ్యాక గిన్నెలు తోమేవాడు, పాటలు పాడేవాడు, అందరినీ నవ్వించేవాడు. తాగుడు జోలికి మళ్లీ పోలేదు, ఒక్కసారి కూడా. ఎవరైనా ముందుకు రమ్మంటే “దేవుడు సీటీ రాసిచ్చినాడర్రా, నా సీటు ఇదే” అనేవాడు. అందరూ దాన్ని జోక్ అనుకున్నారు. అతను జోక్‌గా అనడం లేదని నాకొక్కడికే తెలుసు. తన పశ్చాత్తాపాన్ని దేవుడు విన్నాడు గాని పూర్తిగా ఒప్పుకోలేదని ఆ మనిషి నమ్మాడు. నమ్మి కూడా ప్రతి వారం వచ్చాడు. అలాంటి విశ్వాసం నాకెప్పుడైనా ఉందా?

రూతమ్మక్క మాత్రం బల్ల పనిని ఎంతో ప్రేమగా చేసింది. “నన్ను దేవుడు పేరెట్టి పిలిసినాడు” అని సంఘం ముందు ఇచ్చే ప్రతి సాక్ష్యంలోనూ చెప్పేది. విన్న ప్రతిసారీ నాకు చెవులు కాలేవి.

ఇక మొదటి ఆదివారాలు. పదిహేడేళ్లకు రెండువందల నాలుగు. జ్వరాలకూ పెళ్లిళ్లకూ ఏడు తీసేస్తే, నూట తొంభై ఏడుసార్లు లేచి నిలబడి తప్పులు ఒప్పుకున్నాను. ఎర్ర లైటు దాటాను. షాపుకొచ్చిన మనిషి మీద విసుక్కున్నాను. తోడల్లుడి కొత్త మోటారుసైకిలు చూసి కుళ్లుకున్నాను. “తమ్ముడిది ఎంత నిజాయితీ!” అని మెచ్చుకునేవారు. పెద్ద తప్పు కనబడకుండా చిన్న తప్పులతో గోడ కట్టాను. నా వృత్తే అది కదా, పలక పక్కన పలక.

ఈమధ్య రూతమ్మక్క కూతురితో ఉండడానికి ఇపో వెళ్తానంది. బల్ల పనికి మళ్లీ చీట్లు. పిల్లలకు పాఠాలు చెప్పే వసంత పేరు ఒకరు చెప్పారు, అప్పన్నన్న పేరు మరొకరు చెప్పారు. అతను గుమ్మం దగ్గర నుంచే చెయ్యి ఊపాడు. “నన్నొగ్గీండి. ఆయన ఒకసారి సెప్పీసినాడు. మళ్లీ మళ్లీ అడిగితే ఇసుక్కుంటాడు.”

అందరూ నవ్వారు. ఈసారి నవ్వినట్టు నటించలేకపోయాను.

ఇప్పుడు అతనికి లారీ లేదు, ఉదయం బజారులో చేపల బల్ల ఉంది. మర్నాడే వెళ్లాను. పొలుసు గీకుతున్నాడు. చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. కత్తి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. చేపను బాగు చేసి, కడిగి, ఎదురుగా నిలబడ్డ మలయ్ అమ్మకు కట్టి ఇచ్చాడు. అప్పుడు నావైపు చూశాడు.

“నాకు సెప్పితే ఏటి? ఎవుల ముందు ఏసినావో ఆల ముందు సెప్పు. ఎల్లు.”

ఆదివారం లేచి నిలబడ్డాను. వారమంతా తయారుచేసుకున్న పెద్ద ప్రసంగం ఒకటి ఉంది. నోరు తెరిస్తే అది రాలేదు. “రెండు చీటీల మీదా రూతమ్మక్క పేరే రాశాను.” అంతే వచ్చింది. పదిహేడేళ్లకు ఆరు మాటలు.

రూతమ్మక్క నెమ్మదిగా అడిగింది, “అయితే తమ్ముడూ, నన్ను పిలిసిందెవులు? నువ్వా?” మా అయ్యగారికి ఇప్పుడు బాగా వయసు మళ్లింది, కర్ర పట్టుకుని లేచారు. “ఇకమీద అన్ని చీటీలూ విప్పుదాం” అని మాత్రం అన్నారు.

గుమ్మం దగ్గర నుంచి అప్పన్నన్న గొంతు వినబడింది. “అయితే నా పేరు కూడా రాయండి అయ్యగారూ. కానీ ఈడు మాత్రం రాయకూడదు!”

మేడంతా ఘొల్లున నవ్వింది. రూతమ్మక్క కళ్లు తుడుచుకుని తానే రాసింది. ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, అంచులు వంకర. నా చేతులు దురదపెట్టాయి. ఊరుకున్నాను.

వసంత పేరు వచ్చింది. అయ్యగారు రెండోదాన్ని కూడా విప్పి, చదవకుండా అప్పన్నన్నకు పంపించారు. అతను దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చాలాసేపు చూశాడు. పెద్ద అక్షరాల్లో అప్పన్న అని ఉంది. “ఉందిరా,” అన్నాడు ఎవరితోనూ కాకుండా. “నా పేరు ఉంది లా.” బల్ల పని రాలేదు. అయినా అతని ముఖం చూస్తే గెలిచిన మనిషి ముఖమే. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ ఎత్తుకుని లోపలికి వచ్చి, మూడో వరసలో వేసుకుని కూర్చున్నాడు.

ఇది జరిగి మూడు వారాలైంది. చేపలకు వెళ్తే తూస్తాడు, ఇస్తాడు, నాతో మాట్లాడడు. రూతమ్మక్క ఇపో వెళ్లే ముందు అందరి ఇళ్లకూ వెళ్లి చెప్పి వచ్చింది, మా ఇంటికి రాలేదు. క్షమించారా అని నేను అడగలేదు, అడగను. అది వాళ్ల చేతిలో ఉండాలి. ఒకరి చేతిలో ఉండాల్సినదాన్ని లాక్కోవడం నాకు బాగా తెలిసిన పని. మళ్లీ చేయను.

మొన్న పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే, పక్క షాపు చైనా ఆయన తల బయటికి పెట్టి, ఏమిటి సంగతి, వారం రోజులుగా ఈల వేస్తున్నావు అన్నాడు. నేను వేస్తున్నానని నాకు తెలియదు. అసలు నాకు ఈల వచ్చని కూడా తెలియదు.