కదలని నేతకారులూ నా ఒక్క రీలూ

నేను తీసిన మొదటి డాక్యుమెంటరీ చూసినవాళ్లు, అందులో నేతకారులు అంత సహజంగా ఎలా నవ్వారని అడుగుతారు. నా పనితనమేనని ఇన్నేళ్లు తలూపుతూ వచ్చాను. అది అబద్ధం. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

మా బాపు పెన్‌గంగ అవతలి నుంచి ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు కూలికి వచ్చినవాడు. ఇంట్లో మరాఠీ, వీధిలో తెలుగు, ఉర్దూ. నాకు చదువు చెప్పింది మాత్రం ఊరి గ్రంథాలయమే. కెమెరా మీద అక్కడ ఒకే ఒక ఇంగ్లిషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని పది నెలలు చదివాను. కెమెరాను ముట్టుకోకముందే దాని లోపలి చక్రాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇది ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ చదువు చూసే హైదరాబాద్‌లో ఒక డాక్యుమెంటరీల ఆఫీసు నన్ను సహాయకుడిగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్ నేతకారుల మీద సొంతంగా సినిమా తీస్తానని పట్టుబట్టాను. పెద్దసారు మూడు నిమిషాల రీలు ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇందులో ప్రాణం కనబడితే సినిమా నీదే. లేదంటే మళ్లీ పెట్టెలు మొయ్యి."

వస్తున్నానని ముందురోజే చెప్పడం నేను చేసిన తప్పు. తెల్లారి వెళ్తే వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. నేను తీయాల్సిన ఇంట్లో పెద్దయ్య పెళ్లినాటి కోటు వేసుకుని గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. పక్కన పట్టుచీరల్లో ఆయన భార్య, కోడలు. "నేయండి" అన్నాను. పెద్దయ్య పేక దారం ఉండే నాడెను చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కెమెరానే చూశాడు. వాళ్లెరిగింది స్టూడియోలో కదలకుండా దిగే ఫోటో ఒక్కటే.

"జర కదలండి పెద్దయ్యా!"

"కదిలితే మొఖం చెదురుతది బిడ్డా. మా పెండ్లి ఫోటో గట్లనే చెడ్డది" అన్నాడు, పెదవి మెదపకుండా.

"గాయన తుమ్మిండు. గా ఫోటోల నా పక్కకు తలకాయ లేని మొగడున్నడు" అంది ముసలమ్మ, తనూ కదలకుండానే.

గడియారానికిచ్చినట్టు ఒకసారి కీ తిప్పితే అరనిమిషం నడిచే కెమెరా అది. మూడుసార్లు తిప్పాను. సగం రీలు బొమ్మల్లాంటి మనుషులతోనే అయిపోయింది.  నేత గురించి కూడా గ్రంథాలయంలో చదివాను కదా, చేసి చూపిద్దామనుకున్నాను. మళ్లీ కీ తిప్పి, కెమెరా దానంతటదే నడిచేలా మీట బిగించి, పెద్దయ్యను లేపి నేనే గుంటలో కూర్చున్నాను. నాడె విసిరాను. అది పోయి కోడలి ఒళ్లో పడింది. మళ్లీ విసిరితే నాలుగు పోగులు తెగాయి.

"అయ్యో, నా పడుగు! లే, లే!" ముసలమ్మ నా రెక్క పట్టి లేపింది.

"సినిమా తీస్తడట, నాడె ఎటుబోతదో తెల్వదు!" కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వింది.

పెద్దయ్య కోటు విప్పి అవతల పడేసి, గుంటలోకి దిగి, పోగులు ముడివేసి, నాకు చూపించడానికి టకటకా నేయడం మొదలుపెట్టాడు. నేను పరుగున వెళ్లి కెమెరా కీ తిప్పాను.

ఆఫీసులో రీలు చూసి పెద్దసారు కళ్లు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి. "ఎవడయ్యా గా నాడె విసిరేటోడు?"

"నేనే సార్."

"సినిమా నీదే. కెమెరా ముందటికి మాత్రం రాకు."

ఆ తర్వాత నేను తీసినవన్నీ 'సినిమా నీదే' అన్న ఆ మాటతోనే మొదలయ్యాయి. కాబట్టి నా దండాలు: తెగిన పోగులకు కోపం తెచ్చుకోని పెద్దయ్యకు, రెక్క పట్టి లేపిన ముసలమ్మకు, మిగతా సినిమా తీసిన నెల రోజులూ నన్ను చూడగానే నాడెను చీరకొంగులో దాచిన కోడలికి.