వదిన పెట్టిన జీడి చుక్కలు

మొన్న మంగళవారం పొద్దున కొత్తగూడ అవతలి మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది, మా వదిన పోయిందని. నిద్రలోనే పోయిందట. డోర్నకల్‌లో చిన్న కొడుకు ఇంట్లో ఉన్న నేను మొదట అడిగిన మాట, "మొఖంల భయం గిట్ల ఏమన్న కనబడ్డదా బిడ్డా?" అని. ఫోన్ చేసిన మనుమడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "లేదు నానమ్మా, పండుకున్నట్టే ఉన్నది" అన్నాడు. అప్పుడు ఏడుపు వచ్చింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్ళయిన కొత్తలోనే భర్త పాము కరిచి చనిపోతే తల్లిగారింటికి వచ్చేసింది. నేను కోడలిగా వెళ్ళేనాటికి అత్తమామలు లేరు, ఇల్లంతా ఆమె చేతి మీదే నడుస్తుండేది. నాకు అడవి కొత్త. ఏది తినాలో, ఏది ముట్టకూడదో ఆమే చెప్పింది.

మా ఊరి వెనక అడవి నిండా నల్లజీడి చెట్లు. పసుపు పచ్చని పండు, దాని కొసకు అతుక్కుని నల్లటి గింజ. పండు తియ్యగా, కొంచెం వగరుగా ఉంటుంది. గింజను కాల్చి పగలగొడితే లోపల పప్పు కమ్మగా ఉంటుంది. ఆ పెంకులో ఉండే నల్లటి రసంతోనే అందరికీ భయం. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టేది దానితోనే. ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి. జీడి పడనివాళ్ళకైతే ఒళ్ళంతా వాస్తుంది. వదిన గింజలు కాల్చేటప్పుడు నన్ను పొగకు ఎదురుగా కూర్చోనిచ్చేది కాదు.

సాయుధ పోరాటం సాగుతున్న రోజులవి. మా ఆయన దళంతో అడవిలోకి వెళ్ళిపోయాడు. ఆయన కోసం తుపాకులవాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఏ సర్కారు తరఫున వచ్చినా మా ఊళ్ళో వాళ్ళకు ఒకటే పేరు, తుపాకులోళ్ళు. ధాన్యం గుమ్మిని కూలదోసి, వాళ్ళలో పెద్దగా ఉన్నవాడు వదినతో అన్నాడు: "ఎల్లుండి పొద్దటికల్ల నీ తమ్ముడు రావాలె. రాకుంటే వాని పెండ్లాన్ని క్యాంపుకు తీస్కపోతం."

క్యాంపు అంటే ఏమిటో మాకు తెలుసు. పక్క గూడెం నుంచి ఒకామెను అట్లాగే తీసుకుపోయారు. తిరిగి వచ్చాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. కన్నబిడ్డ దగ్గరికి వచ్చినా ఉలిక్కిపడేది. వాళ్ళు వెళ్ళినప్పటి నుంచి నా కళ్ళ ముందు ఆమె మొహమే. పారిపోదామంటే దారులన్నీ వాళ్ళే కాస్తున్నారు.

ఆ మధ్యాహ్నం వదిన తలుపు దగ్గరికి వేసి, రాతి మీద జీడిగింజలు పెట్టి చితకగొట్టింది. "తల్లి పోసినట్టు చేస్త నీకు" అంది. తల్లి పోయడమంటే మశూచి; అది సోకిన ఇంటికి తుపాకులవాళ్ళు కూడా దగ్గరికి రారు.

నేను గోడకు జరిగాను. "నాకు భయమైతుంది ఒదినె."

"నాకు అయితలేదా? జీడి కాల్చిన మచ్చ మానుతది పిల్లా. గా క్యాంపుల అయ్యే గాయం మానదు."

అయినా నేను మొహం ఇవ్వలేదు. అప్పుడు ఆమె పుల్ల ముంచి ముందు తన చెంపల మీద, మెడ మీద చుక్కలు పెట్టుకుంది. ఇంకో గింజ కొడుతుంటే రసం చిట్లి ఎడమ కంట్లో పడింది. అరవలేదు. నీళ్ళ కోసం నేను లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ముందు నీది కానియ్యి" అంది. ఆ కంటి నుంచి నీళ్ళు కారుతుండగానే నా నుదుట, చెంపల మీద, చేతుల మీద ఒక్కో చుక్కా పెట్టింది.

మర్నాటికి మంట. ఆ మర్నాడు ఒళ్ళంతా బొబ్బలు. వదిన గడపకు వేపమండలు కట్టి, పసుపు నీళ్ళ కుండ వాకిట్లో పెట్టింది. ఇరుగుపొరుగు కూడా నమ్మి తలుపులు మూసుకున్నారు.

తుపాకులవాళ్ళు వచ్చారు. వేపమండలు చూసి ఇద్దరు వాకిట్లోనే ఆగారు. ఆ పెద్దవాడు మాత్రం గడప దాకా వచ్చి, నేను కప్పుకున్న దుప్పటిని తుపాకీ కొనతో లేపాడు. కళ్ళు మూసుకున్నాను. వాడి ఊపిరి వినిపిస్తోంది.

"మొదలు నాకు పోసింది బాంచెన్, ఇప్పుడు పిల్లకు" అంది వదిన, ఉబ్బి మూసుకుపోయిన కంటితో వాడి మీదికి వంగి. "జర దూరం ఉండుండ్రి. గాలికే అంటుకుంటది."

దుప్పటి జారింది. అడుగులు వెనక్కి పోయాయి. ఇల్లు తగలబెట్టమని ఒకడు అన్నాడు. ఆ పొగ తగిలినా అంటుకుంటుందని ఇంకొకడు వద్దన్నాడు. వాళ్ళ మాటలు దూరమయ్యేదాకా మేమిద్దరం కదలలేదు.

నువ్వులు నూరి రాస్తే నా బొబ్బలు మానాయి. వదిన కన్ను మానలేదు. పోరాటం ఆగాక మా ఆయన ప్రాణాలతో తిరిగి వచ్చాడు. అక్క కన్ను చూసి ఏమైందని అడిగితే, "కట్టె పుల్ల తగిలింది" అంది. నేను నిజం చెప్పబోతే నా వైపు ఒక చూపు చూసింది. ఆయన పోయేదాకా ఆ మాటే నిలిచింది.

జీడి చెట్టంటే ఆమెకు కోపం రాలేదు. పండ్లు ఎండబెట్టి పిల్లలకు దాచేది. "చెట్టేం చేసింది? మనం అడిగింది ఇచ్చింది" అనేది. భయం గురించి అడిగితే మాత్రం, "అది పోలే. నేనే దానికి అలవాటైన" అనేది.

కిందటి చలికాలం చూడడానికి వెళ్ళాను. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఊళ్ళోకి ఏదో జీపు వచ్చింది, మైకు కట్టుకుని, పిల్లలకు చుక్కల మందు వేయించమని చెప్పుకుంటూ. ఆ చప్పుడుకు వదిన గోడ పట్టుకుని లేచింది. నడుము వంగిపోయింది, ఎత్తు నా భుజం దాకా కూడా రాదు. ఆ మనిషి నా మోచెయ్యి పట్టుకుని నన్ను తన వెనక్కి లాక్కుని, వాకిలికి అడ్డంగా నిలబడింది. జీపు సాగిపోయింది. దుమ్ము అణిగింది. పిల్లలు దాని వెంట పరుగెత్తారు. వదిన నా చెయ్యి వదల్లేదు.