రెండో ఐలర్ట్

"ఆ పేరు వాడికి పెట్టావంటే నీ నడుం విరగ్గొడతా. చచ్చినా లేచొచ్చి మరీ విరగ్గొడతా."

"పన్నెండేళ్ళప్పుడే నా భుజం ఎముక విరగ్గొట్టినోడివి. నడుం నీకో లెక్కా?"

"పెళ్ళాం వచ్చింది, బిడ్డ పుట్టాడు, ఇంకా ఆ ఎముకనే చప్పరిస్తున్నావేంట్రా?"

"పుట్టాడు కదా! పుట్టినోడు నీ మనవడు. పెద్దకొడుక్కి తాత పేరు. రేపు చర్చిలో నీ పేరే పెడతారు. వద్దనడానికి నువ్వెవడివి?"

"ఆ పేరు గలవాణ్ణి నేను!"

విరిగిన నాగటి కర్రు భుజాన వేసుకుని నేను కొలిమి తలుపు దగ్గరే ఆగిపోయాను. లోపల అరుచుకుంటున్నది మా బావ హిన్రిక్, వాళ్ళ నాన్న ఐలర్ట్ పొప్పింగా. పొప్పింగాలు కొట్టుకుంటున్నప్పుడు మధ్యలో మూడోవాడు దూరితే ఇద్దరూ కలిసి వాణ్ణే తంతారని మా ఊరు వెస్టర్‌హుక్‌లో పాలవాడికి కూడా తెలుసు.

"అంటే ఏంటి నీ ఉద్దేశం?" బావ గొంతు ఒక్కసారిగా తగ్గింది. అది మంచి సూచన కాదు. "వాడు మన రక్తం కాదంటావా? నా ఫ్రౌకె ఎవడితోనో పోయిందంటావా?"

ఫ్రౌకె మా అక్క. మా వాళ్ళలో తాత తన పేరు ఇవ్వనంటే దానికి ఉన్న అర్థం అదొక్కటే. సముద్రం అవతల, జర్మనీ తీరాన ఫ్రీస్‌లాండ్‌లో ఉన్నప్పుడూ అంతే, అమెరికాకి వచ్చి ఈ అయోవాలో మొక్కజొన్న వేసుకుంటున్నప్పుడూ అంతే. నా చిన్నప్పుడు ఒక ముసలాయన ఇలాగే నోరు జారితే ఆ కోడలు మళ్ళీ చర్చి గడప తొక్కలేదు.

'నేనామాట అనలేదు' అని ఐలర్ట్ మావయ్య ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. కోపమొస్తే ఆ వంశంలో ముందు మాట చస్తుంది, తర్వాత చెయ్యి లేస్తుంది.

బావ గుద్దిన గుద్దుకి ముసలాయన దాగలి దిమ్మె మీద వెల్లకిలా పడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. లేస్తూ లేస్తూ పటకారు అందుకున్నాడు. దాని పళ్ళ మధ్య నారింజ రంగులో కాలుతున్న కర్రు. దాన్ని అలాగే తిప్పి కొట్టాడు. బావ ముంజేయి మీద చర్మం చుయ్‌మంది. కాలిన వాసన కొలిమంతా కమ్మింది. బావ ఆ చేత్తోనే ముసలాయన గొంతు పట్టుకుని గోడకేసి బాదాడు. గోడకి వేలాడుతున్న గుర్రపు నాడాలన్నీ గలగలా రాలాయి.

నేను భుజం మీది కర్రు పడేసి మధ్యలో దూరాను. ఎవరి మోచెయ్యో చెప్పలేను, నా ముందు పన్ను ఊడి బొగ్గుల్లో పడింది. నోరంతా రక్తం. అప్పుడు ముసలాయన చేతి సుత్తి అందుకున్నాడు. విసరడానికి చెయ్యి వెనక్కి లాగాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన కళ్ళు సుత్తినే చూస్తున్నాయి, అది వేరే ఎవరి చేతిలోనో ఉన్నట్టు. ఆ మనిషి మొహంలో భయం చూడడం నాకదే మొదటిసారి. సుత్తిని నీళ్ళ తొట్టిలో పడేసి, ఎవరి వంకా చూడకుండా బయటికి పోయాడు.

ఐలర్ట్ పొప్పింగాకి భయమంటే ఏంటో తెలియదని ఊరు ఊరంతా చెప్పుకునేది. జర్మనీతో యుద్ధం రోజుల్లో, వీధిలో మా జర్మన్ ముక్క మాట్లాడితే నేరమన్న ఏడాది, పక్క కౌంటీ నుంచి మగాళ్ళు లారీలో దిగారట, దేశద్రోహి అని కొలిమికి పసుపు రంగు పూసి, ఈయన చేత అమెరికా జెండాని ముద్దు పెట్టిద్దామని. ఈయన లోపల్నుంచి ఎర్రగా కాలిన కడ్డీ పట్టుకుని వచ్చాడు. ముందు నడిచినవాడి చెంప మీద దాన్ని ఆనించాడు. ఆ తర్వాత వచ్చినవాడి మోకాలు విరిగింది. వాళ్ళు మళ్ళీ లారీ ఎక్కి ఈయన్ని గుద్దేయబోతే, టైరులో గునపం దింపాడు. పసుపు రంగు డబ్బా ఇప్పటికీ కొలిమి వెనక ఉంది. అందులో మేకులు వేసుకుంటాడు.

ఈయన తాత పేరూ ఐలర్టే. ఫ్రీస్‌లాండ్‌లో కమ్మరి. పనివాళ్ళని కొలిమి తిత్తి తాడుతో కట్టేసి కొట్టేవాడట. ఆయన కొడుకు, అంటే మా బావకి పేరిచ్చిన తాత హిన్రిక్, ఒకరోజు తిరగబడి, తండ్రిని పటకారుతో నేలకూల్చి, బతికాడో చచ్చాడో కూడా చూడకుండా ఓడెక్కి ఇక్కడికొచ్చి పడ్డాడు. పెళ్ళయి పెద్దకొడుకు పుడితే వాడికి ఏ పేరు పెట్టాడు? ఐలర్ట్. తను కొట్టి పారేసి వచ్చిన తండ్రి పేరే. కోపం కోపమే, పద్ధతి పద్ధతే. మా వాళ్ళంతే.

ఆ పెద్దకొడుకు మాత్రం మా ఐలర్ట్ మావయ్య కాదు. వాడికి నిజంగా ఏమైందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

వంటింట్లో అక్క టీ పోసింది. మా ఇళ్ళలో ముందు కప్పులో కలకండ పలుకు వేసి, దాని మీద టీ పోస్తారు, అది పటపటమని పగలాలి. ముసలాయన కప్పులో అక్క కలకండ వెయ్యలేదు. అంతకన్నా చెంప మీద కొట్టినా నయం. ఆయన కప్పులోకి చూశాడు. మెడ మీద బావ వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

"నా కొడుకు ఎవరికి పుట్టాడో మీరు చెప్పండి మావయ్యా," అంది అక్క. ఒళ్ళో బిడ్డ పాలు తాగుతున్నాడు. "నేను వింటా. వీడూ వింటాడు."

"వాడు నా మనవడే. ఆ ముక్కు చూడు, నీ పుట్టింట్లో ఉందా అలాంటి దరిద్రపు ముక్కు?"

అక్క నవ్వలేదు. "మరెందుకు ఇవ్వరు?"

ఆయన చేదు టీ ఒక గుక్క తాగాడు. "స్మశానంలో ఐలర్ట్ పొప్పింగా అని రాయి ఉంటుంది. చూశావా?"

చూశాం, అందరం చూశాం. ఈయన అన్న. ఎనిమిదేళ్ళకి గుర్రం తన్ని చచ్చిపోయాడు. పేరు పోకూడదని తర్వాత పుట్టినవాడికి అదే పెట్టారు. మా వాళ్ళలో అదేం వింత కాదు. సొంత పేరున్న రాయి పక్కన ఆడుకుంటూ పెరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు.

"గుర్రం తన్నలేదు," అన్నాడు. "వాడు తిత్తి దగ్గర కునుకు తీశాడు. నిప్పు ఆరిపోయింది. మా నాన్న సుత్తి విసిరాడు. ఇక్కడ తగిలింది." చెవి పైన వేలు పెట్టి చూపించాడు. "గుర్రం తన్నిందని ఊరికి చెప్పాడు. ఊరు నమ్మాలిగా? మా ఆడగుర్రాన్ని పెరట్లోకి తోలుకొచ్చి తుపాకీతో నుదుటి మీద కాల్చాడు. అది కడుపుతో ఉందట."

అక్క బిడ్డని గుండెకి అదుముకుంది.

"మీకెవరు చెప్పారు?" అన్నాను నేను. పన్ను లేక మాట ఈలలాగా వచ్చింది.

"మా అమ్మ. నాన్నని పూడ్చి ఇంటికొచ్చి, ఇదిగో ఇలాగే టీ పోస్తూ చెప్పింది. అప్పటిదాకా నోరెత్తలేదు. నేను పనిలో చెయ్యి జారిస్తే చాలు, 'ఆ ఐలర్ట్ అయితే ఇలా చేసేవాడు కాదు' అని నాన్న తన్నేవాడు నన్ను. చచ్చినోడితో పోటీ పెట్టాడు. చంపిందేమో తనే." కప్పు పక్కకి తోశాడు. "నేనేమన్నా తక్కువ తిన్నానా? కొడుకు భుజం ఎముక విరగ్గొట్టా. ఇవాళ నా చేతిలో సుత్తి లేచింది. చూశావుగా నువ్వు."

అక్క లేచింది. కలకండ పలుకు తీసి ఆయన కప్పులో వేసి, మళ్ళీ టీ పోసింది. అది పగిలింది.

బావ చేతికి వెన్న రాసి గుడ్డ చుట్టుకుని వచ్చాక అక్క అంతా చెప్పింది. బావ కళ్ళయినా ఆర్పలేదు.

"నాకు తెలుసు," అన్నాడు. "ఈ ఊళ్ళో తెలియనిదెవరికి? ఆ గుర్రం మనిషి మీద కాలెత్తినట్టు చూసినోడు ఒక్కడూ లేడు. అందుకే పెడుతున్నా. ఆ పిల్లాడి పేరు బతికి ఉండాలి. ఇప్పుడు వదిలేస్తే మా తాత వాణ్ణి రెండోసారి చంపినట్టు."

"ఆ పేరు నిలబెట్టాలని పెద్దయ్యాక వీణ్ణి కొట్టవుగా నువ్వు?" అంది అక్క.

"ఇప్పటిదాకా నీ మీద చెయ్యెత్తానా?"

"ఇవాళ మీ నాన్న గొంతు పిసికావు."

బావ చేతి కట్టు బిగించుకున్నాడు. నా వైపు తిరిగాడు. మా చర్చిలో బాప్తిస్మం రోజు బిడ్డని ఎత్తుకుని, పాస్టర్ అడిగినప్పుడు పేరు పలికేది జ్ఞానతండ్రి. తల్లీతండ్రీ నోరెత్తరు. బిడ్డ తల మీద నీళ్ళు పడేలోగా ఏ పేరు వినబడితే అదే, ఆ తర్వాత మార్చడమంటూ లేదు. జ్ఞానతండ్రిని నేనే. ఏమ్స్ కాలేజీలో వ్యవసాయం చదువు విసుగొచ్చి మధ్యలో వదిలేసి, అక్క ఇంట్లో తిని కూర్చుంటున్నందుకు నాకు దక్కిన గౌరవం అది.

"ఐలర్ట్ అనే మాట తప్ప ఇంకోటి నీ నోట్లోంచి వచ్చిందా, మిగిలిన పళ్ళు కూడా నీ చేతిలో పెట్టి పంపిస్తా, బావమరిదీ. నేను తమాషాకి చెప్పడం లేదు."

"నువ్వు తమాషాకి ఎప్పుడు చెప్పావు గనక, బావా?"

"నవ్వకు. వికారంగా ఉన్నావ్."

ఆదివారం చర్చి ముందు బళ్ళు, కార్లు నిండిపోయాయి. అక్కడున్న సగంమంది నాగటి కర్రులు ఐలర్ట్ మావయ్య కాల్చి సాగగొట్టినవే. ఆయన మెడ మీది నలుపు చూసి, బావ చేతి కట్టు చూసి, నా నోరు చూసి, ఆడవాళ్ళు ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. అక్క వంక మాత్రం చూడడం మానేశారు. ముసలాయన పేరు ఇవ్వనన్నాడన్న కబురు అప్పుడే పాకిపోయింది, కారణం మాత్రం పాకలేదు. చర్చిలో ఆయన పేరు వినబడితేనే అక్క మీది ఆ నీలాపనింద పోతుంది. వినబడకపోతే, ఇక ఎప్పటికీ అంతే. నిన్న ముసలాయన చెప్పింది విన్నాక ఆ పేరు ఉచ్చరించాలంటే నాకు నోరు రావడం లేదు. పలక్కపోతే అక్క బతుకు వీధిన పడుతుంది. రాత్రి నాకు నిద్ర లేదు, పన్ను నొప్పి వల్ల మాత్రమే కాదు.

బిడ్డని నా చేతుల్లో పెట్టారు. గంట మోగుతోంది. లోపలికి అడుగు పెట్టబోతుంటే ముసలాయన నా మోచెయ్యి పట్టి మెట్ల పక్కకి లాగాడు. ఆయన వేళ్ళు ఇనుప పట్టీల్లా దిగాయి.

"నీ అక్క సంగతి నేను చూసుకుంటా," అన్నాడు. "నీళ్ళు పడంగానే బల్ల మీంచి లేచి, గుర్రం తన్నలేదని చర్చిలో అందరి ముందూ చెప్తా. పేరు ఎందుకు ఇవ్వలేదో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది. పాస్టర్ ఆపినా ఆగను."

"బావ?"

"వాడు అక్కడే నీ మీదికొస్తాడు. నేను అడ్డం పడతా, కానీ వాడు నాకన్నా బలమైనోడు, ఒకటో రెండో నీకు తగుల్తాయి." ఆయన బిడ్డ వంక చూశాడు, ముట్టుకోలేదు. "వేరే పేరు చెప్పరా వియార్డ్. ఏదైనా సరే. నీ పేరే చెప్పు, నాకేం అభ్యంతరం లేదు. వాడు కొడితే కొట్టించుకో, తిరిగి మాత్రం కొట్టకు. బిడ్డ నీ చేతుల్లో ఉంటాడు."