మెడ దగ్గర ఆగే అద్దం

కార్వాన్‌లో మా గల్లీ మొదట్లో చిన్న కటింగ్ షాపు నడిపిన కాకా పదేళ్లు నా జుట్టు కత్తిరించాడు. పని అయ్యాక వెనక నుంచి చేతి అద్దం చూపించేవాడు. ఎప్పుడూ మెడ దగ్గరే ఆపేవాడు. నేను చూసి, తల ఊపి లేచేవాణ్ణి.

నడినెత్తి పలచబడిందని చెల్లెలి పెళ్లి ఫొటోల్లో తెలిసింది. రోషంతో షాపుకెళ్లి ఫోను చూపించాను.

"ఎందుకు చెప్పలే కాకా?"

"నా కుర్చీల కూసున్నోడు ఫికర్‌తోని లేవొద్దు బిడ్డా."

చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె నా రక్తమే కొంచెం తీసి, మిషన్‌లో గిరగిరా తిప్పి, పైన తేలిన పసుపు నీటిని సన్నటి సూదితో నెత్తికి ఎక్కించింది. అందరికీ పనిచేయదని ముందే చెప్పింది. నెలకోసారి, మూడు నెలలు ఆ సూది నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

"నీ నెత్తురే నీ నెత్తికి ఎరువా!" అని కాకా పడీపడీ నవ్వాడు. తర్వాత ప్రతి కటింగ్‌కీ నెత్తి తడిమి చూసేవాడు. అద్దం మాత్రం మెడ దాటేది కాదు.

దసరాకు ముందు ఒకరోజు అద్దం మెడ దాటి నడినెత్తి దాకా వచ్చింది. చర్మం ఇంకా కనిపిస్తోంది గానీ, దాని మీద నూగులాంటి కొత్త వెంట్రుకలు.

"ఇగ చూస్కో," అన్నాడు.

ఆ సంతోషంలో చాయ్ తెప్పించి అక్కడే కూర్చున్నాను. నా తర్వాత కూర్చున్నాయన నడినెత్తి మీద రూపాయి బిళ్లంత ఖాళీ ఉంది. కటింగ్ అయ్యాక కాకా అద్దం ఎత్తి, మెడ దగ్గర ఆపాడు.

"మస్తుంది," అన్నాడాయన.

కాకా నా వైపు చూశాడు. నేను చాయ్ గ్లాసులోకి చూశాను.