మలుపు దగ్గరి కేక

మా కాలేజీ కోచ్ సార్ స్టాప్‌వాచ్ చూడకముందే మా మణికట్టు పట్టుకునేవారు. రొప్పుతూ వచ్చిన అమ్మాయి నాడి కుదుటపడ్డాకే టైమ్ చెప్పేవారు. ఆ ఆలస్యానికి నాకు ఒళ్లు మండేది. లాల్‌దర్వాజా, బేగంబజార్ గల్లీల నుంచి వచ్చిన మా చేత ఆయన గెలిపించిన రిలే కప్పులు ప్రిన్సిపాల్ గది బీరువాలో పట్టక కిటికీ గట్టు మీదికి చేరాయి.

మైదానం చివరి మలుపులో, ఎవరొస్తున్నారోనని మా తల వెనక్కి తిరిగేది. వెంటనే ఆయన కేక వినబడేది.

"ఎన్కకు చూడకు బిడ్డా, ఉరుకు."

ఫైనల్స్ ముందురోజు పొద్దున సార్ గోడకు ఆనుకుని, తన మణికట్టే పట్టుకుని నిలబడ్డారు. ఎండ ఇంకా రాలేదు, ఆయన చొక్కా మాత్రం చెమటతో తడిసిపోయింది.

"ఏమైంది సార్, తబియత్ బాలేదా?"

"ఏం కాలె. నా ఫికర్ నీకెందుకు? పో, ఒక రౌండ్ కొట్టు."

ఆయన మాట ఎన్నడూ కాదనలేదు, పరుగెత్తాను. మలుపులో అలవాటుగా తల తిప్పబోతూ కేక కోసం చూశాను. అది రాలేదు.

మొదటిసారి ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగాను. సార్ గోడ పక్కన నేల మీద ఒరిగిపోయి ఉన్నారు. వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి.