గరుడవ్యూహంలో కుడి రెక్క

మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆటకు వెళ్ళి, జిమ్‌లో ఆ వార్నిష్ వాసన తగలగానే నాకు శేషగిరి అంకుల్ గుర్తొస్తారు. నేల మీది వంపు గీత కనిపిస్తే ఇప్పటికీ తొక్కకుండా పక్కనుంచి నడుస్తాను.

నా చిన్నప్పుడు అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో, మా పక్క అపార్ట్‌మెంట్ ఆయనది. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆదివారం పొద్దున సేనాపతి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో మా పిల్లల చేత పాతకాలపు యుద్ధవ్యూహాలు కట్టించేవారు. "హాయిగా డాన్స్ నేర్పొచ్చుగా" అని పెద్దవాళ్ళు వెక్కిరిస్తే, "అంత సైన్యం ఒక్క పక్షిలా కదలడమంటే మాటలాండీ!" అని మురిసిపోయేవారు. అంత పిచ్చి మనిషిని, అంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తెలుగు సంఘం కమిటీవాళ్ళను బతిమాలి, ఉగాది వేడుకల్లో పది నిమిషాలు సంపాదించారు. గరుడవ్యూహం. ముక్కు, తల, రెండు రెక్కలు, తోక. అప్పుడు నాకు పదేళ్ళు, కుడి రెక్క వరసలో అందరికంటే ముందు నడిచేదాన్ని. కార్ల కోసం ఏటవాలుగా గీసిన తెల్ల గీతల వెంట నడిస్తే చాలు, రెక్క చక్కగా విచ్చుకునేది. కానీ వేడుక జరిగింది స్కూల్ జిమ్‌లో. అక్కడ ఆ గీతలు లేవు. కంగారులో తెల్ల గీత కోసం వెతికాను. బాస్కెట్ ముందున్న అర్ధవలయం దొరికింది, దాని వెంటే తిరిగాను. నా వెనక ఎనిమిదిమందీ తిరిగారు. రెక్క ముడుచుకుపోయింది. "ఇదేం పక్షి? కోడా?" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

ఏడుస్తూ ఆయన దగ్గరికి పరిగెత్తాను. "సారీ అంకుల్, నేను లైన్ ఫాలో చేశా. అంతా స్పాయిల్ చేశా."

"ఫాలో చేయమని చెప్పింది నేనే కదమ్మా" అని మైకు అందుకున్నారు. "తప్పు పిల్లలది కాదండీ, నాది. గీత చూసి నడవడం నేర్పాను, పక్కవాళ్ళను చూసి నడవడం నేర్పలేదు."

మరుసటి ఏడాది కమిటీ ఆయనకు సమయమివ్వలేదు. ఆయన మాత్రం ఆ వేడుక అయిన పై ఆదివారమే మమ్మల్ని గీతల్లేని గడ్డి మైదానానికి తీసుకెళ్ళారు. కుడి రెక్కకు మొదట మళ్ళీ నన్నే నిలబెట్టారు.

పోయిన నెల ఆఫీసులో, మా టీమ్‌లో కొత్తగా చేరినమ్మాయి నేను రాసిచ్చినట్టే పొల్లుపోకుండా చేస్తే సిస్టమ్ మొత్తం ఆగిపోయింది. మీటింగ్‌లో ఎవరు చేశారని అడిగారు. ఆమె తల వంచుకుంది.

"చేయమని చెప్పింది నేనే" అన్నాను. కంగారులో తెలుగులోనే అనేశాను. మళ్ళీ అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాను.