మైకుసెట్టు బాబాయి, మా ఇంటి అయిదు స్పీకర్లు

మైకుసెట్టు బాబాయి పోయారు. మొన్న మంగళవారం పొద్దున బాపట్ల హాస్టల్ మెస్సులో ఇడ్లీ ముందు కూర్చుని ఉండగా తెనాలి నుంచి ఆయన పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. "మా అబ్బా పోయారు తమ్ముడూ. తెల్లారి నమాజుకి లేపితే లేవలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తాం. నువ్వు రాగలవా, ఎవర్నైనా పంపించమంటావా?" అన్నాడు. నేనే వస్తానని చెప్పాను. ఒంటరిగా ఊరు దాటి వస్తానని అంత తేలిగ్గా అనగలిగానంటే అది ఆయన చలవే. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు, మా మతం కూడా కాదు. మాది రేపల్లె. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మా చర్చిలో ఏటా జరిగే ఉజ్జీవ కూటాలకి తెనాలి నుంచి మైకుసెట్టు ఆయనదే వచ్చేది. పెళ్ళయినా, ఉరుసయినా, జాతరయినా, మా కూటాలయినా ఆయన పలకరింపు ఒకటే. "అందరికీ సలాం, వందనాలు, నమస్కారం" అని మైకులో మూడూ కలిపి అనేవారు. ఆ తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని పందిరి చివరిదాకా నడిచి, అక్కడున్న ముసలమ్మల పక్కన చాప మీద కూర్చుని వినేవారు. "చివరి వరస మామ్మకి వినపడిందా, మీటింగ్ అయినట్టే" అనేవారు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన పెన్సిల్ సెల్లు పెట్టుకునేవారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నా చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వస్తోంది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. పుస్తకం చదువుతాను, కానీ కాలి పక్కనున్న బిందెని తన్నేస్తాను. ఇంటర్ చదివేటప్పుడు ఇది బాగా ముదిరింది. రేపల్లె బజార్లో పక్కనుంచి వచ్చిన సైకిల్ గుద్ది మోచెయ్యి విరిగింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి అమ్మ నన్ను ఒంటరిగా గడప దాటనివ్వలేదు. బాపట్లలో డిగ్రీ చదవాలని నా ఆశ. "రోడ్డు దాటలేనివాణ్ణి హాస్టల్లో ఎట్టా వదులుతాం?" అని అమ్మ అడ్డం పడింది. ఇంటర్ అయిపోయిన ఆ వేసవి సెలవులు ముగిసేలోగా ఏదో ఒకటి తేలాలి. తేలకపోతే నా చదువు అక్కడితో సరి.

2005లో, సరిగ్గా ఆ సెలవుల్లోనే, కువైట్ నుంచి చిన్న మావయ్య వీడియో గేమ్ బాక్సు తెచ్చాడు. మా పెద్దమ్మ కొడుకులిద్దరూ మా ఇంట్లోనే తిష్ట వేశారు. ఆట కార్ల పందెం. ఓడినవాడు జాయ్‌స్టిక్ పక్కవాడికి ఇచ్చెయ్యాలి, అదే రూలు. నేను ఎప్పుడూ ఓడేవాణ్ణే. నా చూపంతా తెర మధ్యలో నా కారు మీదే ఉండేది, పక్కనుంచి వేరే కారు వచ్చి దాటిపోయేదాకా తెలిసేది కాదు. ఒకరోజు పెద్దవాడు, "పాపం, వాడికి ఇంకో ఆట ఇద్దాంరా, ఓడితే ఓడాడు" అన్నాడు. జాలి పడితే నాకు ఒళ్ళు మండుతుంది. కోపం ముక్కు మీదే ఉండే రకాన్ని. జాయ్‌స్టిక్ విసిరికొట్టి గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

ఆ సాయంత్రమే బాబాయి కూటాల సంగతి మాట్లాడటానికి మా ఇంటికొచ్చారు. అమ్మ కాఫీ ఇస్తూ నా భాగోతం అంతా ఆయన ముందు వెళ్ళబోసుకుంది. ఆయన మూసి ఉన్న తలుపు దగ్గరికొచ్చి అడిగారు, "ఏంటబ్బాయ్, ఆ కార్లు చప్పుడు చెయ్యవా?"

"చేస్తాయి. అన్నీ టీవీలోంచే చేస్తాయి. ఏ పక్కనుంచో తెలిస్తేగా!" అని లోపల్నుంచే అరిచాను.

"అయితే నీకు కావాల్సింది కళ్ళు కాదు, స్పీకర్లు. చెవికి రెప్ప లేదురా అబ్బాయ్, అది ఎప్పుడూ తెరుచుకునే ఉంటది" అన్నారు.

నాన్నకి ఆ మాట నచ్చింది. ఇంట్లో వార్తలకీ పాటలకీ ఎటూ పనికొస్తుందని హోం థియేటర్ కొనడానికి ఒప్పుకున్నాడు. తెనాలిలో గాంధీ చౌక్ దగ్గర ఒక షాపుకి బాబాయే తీసుకెళ్ళారు. షాపతను అన్నిటికన్నా పెద్ద అట్టపెట్టె ముందుకి తోసి, దాని మీద అంకె చూపించి, "ఇన్ని వాట్లండి, వీధి చివరికి వినపడుద్దండి" అన్నాడు.

"వీధికెందుకండి? వీధికి వినిపించడానికి నా దగ్గర నాలుగు హారన్లున్నాయి" అన్నారు బాబాయి. నన్ను షాపు మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. ఏదో సీడీ పెట్టించి, "ఏ పక్కనుంచి వస్తోంది, చెయ్యి చూపించు" అన్నారు. మొదటి సెట్టుకి ఎటు చూపించాలో తెలియక వెర్రిమొహం వేశాను. అయిదు స్పీకర్లూ ఒకే పాట పాడుతున్నాయి. పేరుకే అయిదు. రెండోదానికి షాపతను దడదడలాడే బేసు పెట్టాడు. బాబాయి, "తగ్గించండి. ముందు వినాలి, తర్వాత పెంచాలి" అన్నారు. మూడోది చిన్న సెట్టు. అందులో వర్షం నా వెనక పడింది, తలుపు కుడి పక్క మూసుకుంది. నా చెయ్యి దానంతటదే అటు పోయింది. షాపతను, "ఇది బొత్తిగా చిన్నదండి, హాలుకి అందం ఉండదండి" అని గొణిగినా బాబాయి అదే కట్టించారు.

ఇక్కడ మా బాబాయి చేసిన తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆయనే నవ్వుతారు. నలభై ఏళ్ళు పందిళ్ళకి మైకులు కట్టిన మనిషి ఇంట్లో స్పీకర్లు కట్టాలంటే ఏం చేస్తారు? అయిదింటినీ షోకేసు పైన వరసగా, కప్పుకి దగ్గరగా, హారన్లు కట్టినట్టు కట్టేశారు. అంతటితో ఆగారా! ఏ మూల కూర్చున్నవాడికీ తక్కువ వినపడకూడదని వెనక స్పీకర్ల వైర్లు తీసుకొచ్చి ముందు స్పీకర్ల వైర్లకే కలిపేశారు. అమ్మ ఇంకో అడుగు ముందుకేసి, దుమ్ము పడుతుందని స్పీకర్లకి ప్లాస్టిక్ కవర్లు అట్టాగే ఉంచమంది. హాలు పెళ్ళిపందిరిలా మోగింది. నేను ఆడాను, ఓడాను. పెద్దమ్మ కొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నాకేసి జాలిగా చూశారు. నాకు మళ్ళీ తిక్క రేగింది.

"అన్నీ ఒకటే మాట చెబుతున్నాయి బాబాయ్! టీవీ ఒక్కటే ఉన్నప్పుడే నయం!" అని పెద్దాయన అని కూడా చూడకుండా అరిచేశాను. నాన్న నన్ను కసిరాడు. బాబాయి మాత్రం నిచ్చెన దిగి వచ్చారు.

"వాణ్ణేమీ అనకండి మాస్టారూ" అన్నారు. "అందరికీ ఒకటే మాట వినిపించడమే నా పని. పెళ్ళికూతురు వాళ్ళకొకటి, పెళ్ళికొడుకు వాళ్ళకొకటి వినపడితే గొడవైపోద్ది. ఆ పనే ఇక్కడా చేశాను. వీడికి ఒక్కో చెవికి ఒక్కో మాట కావాలి. నాకిది కొత్త. రేపు వస్తాను." ఆయన మొహం చూసి నేను చేసిన పనికి సిగ్గేసింది, కానీ క్షమించమని అడగలేదు. ఇప్పటికీ అదొక్కటే మనసులో పీకుతూ ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. వచ్చీరాగానే పాత పేపరు అడిగి రెండు గొట్టాలు చుట్టారు. నేను ఆడేటప్పుడు కూర్చునే కుర్చీలో కూర్చుని, ఆ గొట్టాల్లోంచి టీవీ చూస్తూ, "ఇట్టాగేనా నీకు కనిపించేది?" అని అడిగారు. ఇంకొంచెం సన్నగా చుట్టమన్నాను. చుట్టారు. అట్టాగే లేచి, గొట్టాలు కళ్ళకి పెట్టుకునే హాల్లో నడవబోయి, టీపాయికి మోకాలు కొట్టుకుని "యా అల్లా" అని కూలబడ్డారు. అమ్మ కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "ఏం కాలేదమ్మా. మీవాడు రోజూ పడే తిప్పలు చూశాను, అంతే" అన్నారు. నా కళ్ళెలా చూస్తాయో తెలుసుకోవాలని అప్పటిదాకా ఒక్కళ్ళూ అనుకోలేదు. డాక్టర్లు కూడా నా కళ్ళలోకి చూశారే గానీ నా కళ్ళతో చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

తర్వాత పని మొదలుపెట్టారు. గేమ్ బాక్సు నుంచి వచ్చే మూడు వైర్లలో పసుపుది టీవీకి వదిలేసి, ముందురోజు టీవీ మీదుగా పంపిన ఎరుపూ తెలుపూ పీకి నేరుగా హోం థియేటర్ వెనక గుచ్చి, ఆ చప్పుడుని అయిదు స్పీకర్లకీ విడగొట్టి పంపే బటను నొక్కారు. "బొమ్మ టీవీకి, మాట దీనికి" అన్నారు. ముందు స్పీకర్లు రెండూ దించి, టీవీకి అటూ ఇటూ స్టూళ్ళ మీద, నేను కూర్చుంటే నా చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టి కాస్త నా వైపు తిప్పారు. మధ్య స్పీకరు టీవీ నెత్తిన. వెనక రెండూ నా కుర్చీకి అటూ ఇటూ, ఒక జానెడు వెనగ్గా. వాటి వైర్లు విడివిడిగా లాగారు. ఆ వైర్లో రెండు పోగులూ ఒకే రంగు కావడంతో ఏది ప్లస్సో తెలియదు. జేబులోంచి పెన్సిల్ సెల్లు తీసి వైరు కొసలకి తాకించి, కవరు తప్పించి స్పీకర్ లోపలి గుండ్రటి పేపరు మీద నా వేలు ఆనించమన్నారు. "బయటికి తంతే సరి, లోపలికి పోతే తిరగబడినట్టు." ఒకటి లోపలికి పోయింది. దాన్ని మార్చి, ప్లస్సు పోగుకి చిన్న ముడి వేశారు. "రేపు ఎవరైనా ఊడపీకితే నువ్వే పెట్టుకోవాలి. ముడి తడిమితే చాలు, చూడక్కర్లేదు." ఆఖరికి ప్లాస్టిక్ కవర్లు కూడా పీకేశారు. అమ్మే వాటిని మడిచి దాచింది.

ఆడాను. మొదటి మలుపు దగ్గర నా ఎడమ భుజం వెనక ఒక ఇంజను గుర్రుమంది. నాకు కారు కనపడలేదు, కానీ ఉంది, అక్కడే ఉంది! ఎడమకి కట్ కొట్టి దారి మూసేశాను. అది కుడికి మారింది, నేనూ మారాను. ఆ పందెం గెలిచాను. ఆ తర్వాత ఇంకో మూడు గెలిచాను. పెద్దవాడు, "ఒరేయ్, ఇంక ఇవ్వరా జాయ్‌స్టిక్కు! నీకు వీపున కళ్ళున్నాయేంట్రా!" అని మొత్తుకుంటుంటే నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. జాలి పడ్డవాడే ఏడ్చుకుంటున్నాడు మరి!

నాన్న గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. బాబాయి మెల్లగా ఆయన పక్కకెళ్ళి, "మాస్టారూ, రోడ్డు మీద కూడా బళ్ళు చప్పుడు చేస్తాయండి. ఈ నెల వీణ్ణి నాకు ఒప్పజెప్పండి" అన్నారు. అమ్మ వద్దనే అంది. "నా పెద్దాడిలాగే చూసుకుంటానమ్మా" అని ఆయనంటే ఇక కాదనలేకపోయింది.

ఆ నెలంతా వారానికి మూడు రోజులు ఆయన నన్ను తెనాలి తిప్పారు. స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, బండి ఏ పక్కనుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో చెప్పమనేవారు. తప్పు చెబితే తిట్టేవారు కాదు, టీ తాగించి మళ్ళీ నిలబెట్టేవారు. కూరగాయల బజార్లో నా ముందు నడిచేవారు, తర్వాత పక్కన, తర్వాత వెనక. ఒకరోజు ఆటోస్టాండు దగ్గర రోడ్డు దాటి వెనక్కి తిరిగితే ఆయన అవతలి ఒడ్డునే ఉన్నారు. నాతో దాటనేలేదు. చేతులు రెండూ ఎత్తి, రోడ్డంతా వినపడేలా "సలాం, వందనాలు, నమస్కారం!" అని అరిచారు. జూన్‌లో నేను బాపట్ల కాలేజీలో చేరాను. బస్టాండు దాకా వచ్చింది అమ్మే, బస్సెక్కింది మాత్రం నేనొక్కణ్ణే.

ఈ మూడేళ్ళలో ఆయన్ని కలిసినప్పుడల్లా నేను థాంక్స్ చెప్పబోవడం, ఆయన "ఆ స్పీకర్లు బాగా మోగుతున్నాయా?" అని మాట మార్చెయ్యడం. ఒక్కసారైనా ఆయన నోరు మూయించి చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

మంగళవారం బాపట్లలో బండెక్కి తెనాలిలో దిగాను. మసీదు దగ్గర నమాజు అయిపోయి జనం కదులుతున్నారు. మా చర్చి పెద్దలు, పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేసేవాళ్ళు, పూలబండ్లవాళ్ళు, ఎవరెవరో వచ్చారు. నాకు కనిపించింది ముందు మనిషి వీపు ఒక్కటే. ప్రార్థన ముందునుంచి వస్తోంది. కుడి పక్క ఒక స్కూటరు ఆగి, ఇంజను ఆపేసింది. వెనక ఎవరో ముసలాయన దగ్గు. ఎడమ పక్క అడుగులు కాస్త నెమ్మదించాయి. జనాజా మోసేవాళ్ళు భుజం మార్చుకుంటున్నారని తెలిసింది. అటు రెండు అడుగులు వేసి, చెయ్యి చాచి, కర్ర దొరికించుకుని దాని కింద భుజం పెట్టాను.

"ఎవరది?" అన్నాడు పెద్దబ్బాయి నా ముందునుంచి.

"నేనే అన్నా."

"జాగ్రత్త తమ్ముడూ, గుంటలున్నాయి" అని చెప్పి అతను ముందుకి నడిచాడు. అతని చెప్పుల చప్పుడు ఎక్కడ పడితే అక్కడే నా కాలు వేస్తూ వచ్చాను. భుజం మీద బాబాయి. శ్మశానం గేటు దాకా నన్నెవరూ పట్టుకోలేదు.